రాతకూలి అడగడానికి మొహమాటమేందప్పా

పోయిన నెల ఈ పేజీలో "రాసి బతికేవాళ్ళు ఎవరన్నా ఉంటే మీ కష్టసుఖాలు రాయండి" అని ఒక్క లైను వేసినాం అంతే. మెయిలు, వాట్సాప్ కలిపి వచ్చినవి చూస్తే మన సీమ జిల్లాల్లో ఇంతమంది ఇంట్లో కూర్చొని అనువాదాలు, వెబ్‌సైట్ల కంటెంటు, యూట్యూబ్ స్క్రిప్టులు, పేపర్లకు ఫీచర్లు రాసుకుంటా బతుకుతాండారా అని నాకే ఆశ్చర్యమైంది. సగం మంది పేరు వద్దన్నారు, అందుకని అందరి పేర్లూ తీసేసినా. ఇది రాస్తాండేది 2021 జూన్ రెండో వారం, మధ్యాహ్నం రెండింటికి షట్టర్లు పడతాయి, ఈలోపల సప్తగిరి సర్కిల్ దాకా పోయి ప్రింటర్ ఇంకు తెచ్చుకోవాల, కాబట్టి పీఠిక ఇంతే.

అక్కా, నాది కర్నూలు బుధవారపేట. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తా, వెబ్‌సైట్లకు ఆర్టికల్స్ రాస్తా. పోయినేడు లాక్‌డౌన్ పడినాక ముగ్గురు క్లయింట్లు పోయినారు. ఒకాయన మాత్రం పని ఇస్తానే ఉన్నాడు గానీ డిసెంబర్ నుంచి డబ్బులు లేవు, 38,000 రావాల. అడిగితే "కరోనా కదమ్మా, అందరి పరిస్థితీ అంతే, అర్థం చేసుకోవాల" అంటాడు. వాళ్ళింట్లో ఇద్దరికి పాజిటివ్ వచ్చి తగ్గింది, ఈ టైంలో గట్టిగా అడిగితే మానవత్వం లేనట్టు ఉంటాదేమో అని నోరు రాదు. ఎట్ల అడగాల?

అమ్మీ, ఆయన కరెంటు బిల్లు కట్టినాడా లేదా? వెబ్‌సైటు ఇంకా తెరుచుకుంటాంది అంటే సర్వర్ వాళ్ళకు డబ్బులు పోతాండాయనే గదా. పాలాయనకు ఇచ్చింటాడు, మెడికల్ షాపుకు ఇచ్చింటాడు. మరి కరోనా నీ బాకీకి ఒక్కదానికే ఎందుకు పట్టుకునింది? అట్లని ఆయన చెడ్డోడని నేననను, ఎవురు గట్టిగా అడుగుతారో వాళ్ళకు ముందు ఇస్తాడు, నువ్వు అడగవని ఆయనకు తెలుసు, అంతే.

నా కథ చెప్తా విను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ బుధవారం ఉగాది నాడే లాక్‌డౌన్ మొదలు, ఇంట్లో పచ్చడికి వేపపూత కూడా పక్కింటి గోడ మీద నుంచి అందుకున్నాం. పేపర్ ముట్టుకుంటే అంటుకుంటాదని జనాలు వద్దనడం, హాకర్లు రాకపోవడం, యాడ్స్ పోవడం అన్నీ ఒకేసారి వచ్చి పడినాయి, పేజీలు తగ్గినాయి, జిల్లా టాబ్లాయిడ్లు పోయి మెయిన్‌లో రెండు పేజీలుగా మిగిలినాయి. నేను రాస్తాండిన ఒక వారపత్రిక అచ్చు ఆపేసింది. నాకు 11,400 రావాల. పాపం వాళ్ళే ఇబ్బందుల్లో ఉన్నారు అనుకుంటా అక్టోబర్ దాకా నోరు మెదపలేదు. అప్పుడు ఫోన్ చేస్తే "లెక్కలు చూసేటాయన మానేసినాడు మేడం, మీరు ఏమేం రాసినారో, ఏ సంచికలో వచ్చిందో లిస్టు పంపండి" అన్నారు. లిస్టు నా దగ్గర ఉంటే గదా! సంచికలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని మా అత్త వడియాల కిందకు పరిచింది. 11,400 గోవిందా. తప్పు వాళ్ళది సగం, నాది సగం.

ఉపాధి హామీ పనికి పోతే 2021లో మన రాష్ట్రంలో రోజుకు 245 రూపాయలు రేటు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు ఉంటాది, పదిహేను రోజుల్లో డబ్బు పడకపోతే ఆలస్యానికి పరిహారం ఇయ్యాలని చట్టంలోనే ఉంది. అది నిజంగా యాడ ఎంత జరుగుతాందో వేరే మాట, కానీ మస్టర్ అనేది ఒకటుంది. గుంత తీసినోళ్ళకు ఉన్న మస్టర్ వ్యాసం రాసినోళ్ళకు లేదు, అందుకని మనదే మనం రాసుకోవాల. ఒక నోట్‌బుక్కులో తేదీ, ఏం రాసినావు, ఎన్ని పదాలు, ఎంత రేటు, ఎప్పుడు పంపినావు, ఎప్పుడు వేసినారు, ఎప్పుడు డబ్బు వచ్చింది, అంతే. ఈ రోజు సాయంత్రం కూర్చొని డిసెంబర్ నుంచి అన్నీ వెనక్కిపోయి రాయి, మెయిల్‌లో తేదీలు ఉంటాయి గదా.

అది అయినాక ఆయనకు ఫోన్ చేయొద్దు. ఫోన్‌లో మనం కరిగిపోతాం, "సరేలే సార్" అని పెట్టేస్తాం. మెయిల్ పెట్టు. "మీ ఇంట్లో అందరూ కోలుకున్నారని విని సంతోషం. డిసెంబర్ నుంచి నేను చేసిన పని లిస్టు జత చేసినాను, మొత్తం 38,000. ఈ నెల 25 లోపల సగం, వచ్చే నెల 10 లోపల మిగతాది పంపగలరు. అందేదాకా కొత్త పని తీసుకోలేను." ఆఖరి వాక్యం కొట్టేయాలని నీకు అనిపిస్తాది, కొట్టేయొద్దు. బాకీ ఉన్నోడికి పని చేస్తానే ఉంటే బాకీ పెరుగుతాదే గానీ తీరదు. ఆయన వాట్సాప్‌లో "అవును ఇయ్యాల్సింది ఉంది, చూస్తా" అని ఒక్క ముక్క పెట్టినా స్క్రీన్‌షాట్ తీసి దాచు, రేపు అదే నీ ప్రామిసరీ నోటు. మామూలుగా బాకీ దావాకు గడువు మూడేళ్ళు, కాబట్టి ఆలస్యమైపోయింది అని దిగులు పడొద్దు.

ఇంకొకటి, ఇది చానామందికి తెలీదు. రాసి సంపాదించేవాళ్ళు కూడా సూక్ష్మ సంస్థ కింద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, పోయినేడు జూలై 1 నుంచి వచ్చింది, ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు, ఎవరన్నా ఫీజు అడిగితే వాడు దళారీ. చిన్న సంస్థల దగ్గర పని తీసుకున్నోళ్ళు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇయ్యాల, 2006 చట్టం. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ. 2021 జూన్‌లో బ్యాంక్ రేటు 4.25, అంటే 12.75 శాతం, అదీ నెలనెలా చక్రవడ్డీ. 38,000 మొత్తం మీద ఆరు నెలలకు వేసుకుంటే 2,400 పైనే. ఇయ్యకపోతే దీనికని ఉన్న సర్కారు పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. రిజిస్టర్ అయినాక చేసిన పనికే ఇది గట్టిగా పనికొస్తాది, పాత బాకీకి దీన్ని నమ్ముకోవద్దు, ముందు ముందుకోసం ఇప్పుడే చేసి పెట్టుకో.

నువ్వు రాసింది నీదేనని కూడా మర్చిపోవద్దు. నువ్వు ఆయన దగ్గర ఉద్యోగివి కాదు గదా, కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టందే కాపీరైట్ ఆయనకు పోదు, రాసిచ్చినా ఎన్నేళ్ళకో చెప్పకపోతే ఐదేళ్ళే లెక్క. ఈ మాట మొదటి మెయిల్‌లో రాయొద్దు, రెండోదానికి దాచిపెట్టుకో.

అక్కా, మాది గుత్తి. బెంగళూరులో ఉద్యోగం పోయినేడు పోయింది, ఊరికొచ్చేసినా. ఒక ఏజెన్సీ వాళ్ళు రోజుకు నాలుగు పోస్టులు రాస్తే నెలకు 15,000 ఇస్తాండారు. మొదట్లో ఇమ్యూనిటీ డ్రింకు గురించి మామూలుగానే ఉండింది, ఇప్పుడు "ఇది తాగితే ఆక్సిజన్ లెవెల్ పెరుగుతాది" అని, తగ్గిపోయిన పేషెంటు చెప్పినట్టు రాయమంటాండారు. నా పేరు యాడా ఉండదు. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నాయనకు షుగర్, మందులకే నెలకు మూడు వేలు. ఏం చేయాల?

తమ్ముడూ, ఆ డ్రింకులో బెల్లం ఎంతుందో అడిగినావా? ఎగతాళికి కాదు అడిగేది. మీ నాయన లాంటి షుగర్ మనిషే ఆ పోస్టు చదివి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగుతాడు.

నేను శుద్ధపూసనేం కాదు. 2020 ఫిబ్రవరి, మార్చిలో కోడి తింటే కరోనా వస్తాదని పుకారు లేచి చికెన్ రేటు పడిపోయింది, గుర్తుందా? అప్పుడు ఒక వెబ్‌సైట్‌కు నేను 300 రూపాయలకు ఒక ఐటెం రాసినా, హెడ్డింగు "చికెన్‌తో కరోనా వస్తుందా?" అని. లోపల నాలుగో పేరాలో "రాదని అధికారులు, డాక్టర్లు చెప్తున్నారు" అని ఉంది, నేను అబద్ధం రాయలేదు. కానీ నాలుగో పేరా దాకా ఎవరు చదువుతారు? హెడ్డింగే ఫార్వర్డ్ అయింది. మా వీధి చివర చికెన్ అంగడి భాయ్ చేతిలో ఉన్న కోళ్ళు అడిగిన రేటుకు తెగనమ్ముకొని షట్టరు దించేసినాడు. వాళ్ళావిడ ఒక రోజు కొళాయి దగ్గర "నువ్వు గూడా రాసినావంట గదక్కా" అనింది, అంతే, ఇంకో మాట అనలేదు. మళ్ళా అంగడి తెరిచినాడు, ఇప్పటికీ నాకు తూకం సరిగ్గానే వేస్తాడు, అదే కష్టంగా ఉంటాది నాకు.

ప్రశ్న గుర్తు పెట్టి 300 తీసుకున్న దానికే ఇట్లుంటే, నిన్ను రాయమంటాండేది ప్రశ్న గుర్తు కూడా లేనిది. ఈ జబ్బు సంగతి నీకు తెలుసు, మొదటి నాలుగు రోజులు మామూలు జ్వరం మాదిరే ఉండి ఆ తర్వాత ఊపిరితిత్తులకు దిగుతాది కొందరికి. ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఆస్పత్రికి పోవాల. 92 చూపిస్తా ఉంటే, "ఫలానా ఆయన తాగితే రెండు రోజుల్లో 97కు వచ్చిందంట" అని నీ పోస్టు చదివి ఆ రెండు రోజులు ఇంట్లో కాచుకున్నాడనుకో. ఆ పేషెంటు యాడా లేడు, నువ్వు గుత్తిలో మిద్దె మీద కూర్చొని పుట్టించినావు.

చట్టం కూడా చెప్తా, భయపెట్టడానికి కాదు, "నా పేరు ఉండదు" అన్నావు కాబట్టి. మందుల గురించి తప్పుదారి పట్టించే ప్రకటనలు 1954 చట్టం కింద నేరం. విపత్తు నిర్వహణ చట్టంలో 54వ సెక్షన్ ఉంది, విపత్తు గురించి జనం బెదిరిపోయే అబద్ధపు హెచ్చరిక పుట్టించినా, తిప్పినా ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఏజెన్సీ వాళ్ళు నీకు ఇస్తాండే 15,000 జీతం కాదు, పేస్లిప్పు లేదు, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, రేపు ఏదన్నా అయితే "అవన్నీ ఫ్రీలాన్సర్ రాసినాడు సార్, మాకు తెలీదు" అనడానికి నీకిస్తాండే కూలి అది. పేరు లేకపోయినా డాక్యుమెంటు నీ మెయిల్ నుంచే పోయింటాది గదా.

అట్లని ఆకు పసరు, కషాయం గురించి రాయొద్దని కాదు. పోయిన నెల కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం ఎట్ల ఎగబడినారో చూసినాం. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి పంచుకోవచ్చు అనింది, డాక్టర్లు రాసిన మందులు మాత్రం ఆపొద్దు అని కూడా అనింది. దాని మీద వచ్చిన రాతలు చూడు. "పర్మిషన్ ఇచ్చినారు" అనే వార్త సాయంత్రానికి "పని చేస్తుందని తేల్చినారు" అయిపోయింది. హాని లేదనడం వేరే, జబ్బు తగ్గిస్తాదనడం వేరే. ఆ రెండిటి నడుమ గీత గీయడమే ఈ కాలంలో రాసేవాడి పని, గీత చెరిపేదానికి నీకు నెలకు 15,000 ఇస్తాండారు.

నాయన మందుల సంగతి అట్లే ఉంది, నాకు తెలుసు. రేపే మానేయమని నేను సులభంగా చెప్పేస్తా గానీ కట్టేది నువ్వు. ఏజెన్సీకి రాసి పెట్టు: డ్రింకును డ్రింకు లాగా రాస్తాను, రుచి, ఎట్ల కలుపుకోవాల, ఏమేం ఉన్నాయి, అంతవరకు. జబ్బు పేరు, ఆక్సిజన్ మాట, లేని పేషెంటు మాట రాయను, రాయాలంటే ఎవరి మాటో ఆ మనిషి సంతకంతో పంపండి. ఒప్పుకుంటే మంచిదే, లేకపోతే ఒక నెల గడువు పెట్టుకొని వేరే పని చూసుకో. పని ఉంది తమ్ముడూ. టీకాకు పేరు నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్‌కు తెలుగు ఈ నెలలోనే వచ్చింది, ఇన్నాళ్ళూ మన పల్లెల్లో జనాలు ఇంగ్లీషు ఫారం ముందు పెట్టుకొని పిల్లోళ్ళను బతిమిలాడుకున్నారు. డాక్టర్ల వీడియోలకు తెలుగు స్క్రిప్టులు, ఆన్‌లైన్ క్లాసుల పాఠాలు, డిశ్చార్జి అయినోళ్ళకు ఇంటికాడ ఎట్ల ఉండాలో చెప్పే కాగితాలు, ఇట్లాటివి రాసేవాళ్ళు దొరక్క తిరుగుతాండారు. పెద్ద డబ్బులు రావు, మొదట్లో 15,000 కూడా రావు. ఇదీ చెప్పాల గదా నేను.

మేడం గారూ, మాది ప్రొద్దుటూరు, రిటైర్డ్ టీచర్‌ని. మా వాడు హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి ఏడాదిగా ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చొని రాస్తుంటాడు. నా పెన్షన్ కంటే ఎక్కువే వస్తుందంటాడు. సంబంధాల వాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే ఏం చెప్పాలో తెలియక "వర్క్ ఫ్రం హోం" అంటున్నాను. ఇది అబద్ధమా?

సార్, నమస్కారం. అబద్ధం కాదు, అక్షరాలా నిజం, ఆయన వర్కు చేసేది హోం నుంచే. ఏడాదికి పైగా ఈ దేశంలో సగం సంబంధాలు ఆ నాలుగు ముక్కల మీదనే కుదురుతాండాయి.

కానీ మీరు సిగ్గుపడతాండారు, అది మీ అక్షరాల్లో కనపడతాంది. మీ జిల్లాలోనే 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్ళు రాయించినాడు, పాఠాలు సరిచూపించినాడు, ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరున లైబ్రరీ ఉంది. ఆ పండితులు చేసింది ఏంది సార్, రాసి కూలి తీసుకోవడమే గదా. వాళ్ళ నాయనలు ఎవరన్నా అడిగితే ఏం చెప్పినారో ఏమో. మీరు మాత్రం పిల్లవాడి బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒక ఏడాదిది, ఆదాయపు పన్ను రిటర్న్ కాపీ తీసి పెట్టుకోండి, అమ్మాయి తండ్రి అడిగేలోపలే చూపించండి. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళోళ్ళకు కూడా నెల జీతం ఉండదు, వాళ్ళకు పిల్లనిస్తాండారు గదా.

అక్కా, నంద్యాల. పోయినేడు ఒక కంపెనీ 40,000కు గాను 37,000 వేసింది. అడిగితే టీడీఎస్ అన్నారు. పోయినట్టేనా?

పోలేదు. టీడీఎస్ అంటే నీకు డబ్బు ఇచ్చేటప్పుడే కంపెనీ ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను. 2021 లెక్కన ఒకే కంపెనీ నుంచి ఏడాదికి 30,000 దాటితే వృత్తి ఫీజు కింద పట్టుకుంటాండారు. మామూలుగా 10 శాతం, కరోనా అని పోయినేడు మే 14 నుంచి ఈ మార్చి 31 దాకా 7.5 చేసినారు, నీ 3,000 లెక్క సరిపోయింది. మళ్ళా ఏప్రిల్ నుంచి 10. నీ పాన్ మీద 26ఏఎస్ అనే కాగితంలో అది పడిందో లేదో చూసుకో, పడకపోతే కంపెనీని అడుగు, వాళ్ళు పట్టుకొని కట్టకుండా ఉండొచ్చు. మొత్తం ఆదాయం పన్ను దాకా రాకపోతే రిటర్న్ వేస్తే వెనక్కి వస్తాది, 2021లో గడువు సెప్టెంబర్ 30 దాకా పెంచినారు. వేయకపోతేనే పోయినట్టు.

అక్కా, ధర్మవరం. మా మేనమామ మే నెలలో కరోనాతో పోయినాడు, మగ్గం నేసేటోడు. బెడ్ కోసం తిరిగిన మూడు రోజులూ నేనే పక్కన ఉన్నా. ఆయన పోయేనాటికి మగ్గం మీద చీర సగంలో ఉండింది. ఒక వెబ్ పత్రిక ఎడిటర్ గారు అదంతా రాస్తే 2,500 ఇస్తామన్నారు. ఇంట్లో చావును అమ్ముకుంటావా అని మా అమ్మ ఏడ్చింది. రాయకపోతే నాకు నిద్ర పట్టడంలేదు.

అబ్బీ, రాయడం, అమ్మడం రెండు పనులు, రెండూ ఒకే రోజు చేయాల్సిన పనిలేదు. ముందు రాయి, ఎవరికీ కాదు. తేదీలు, టైములు, ఏ గేటు దగ్గర ఎవరు ఏమన్నారు, ఆంబులెన్సుకు ఎంత ఇచ్చినారు, 104కు ఎన్నిసార్లు చేసినారు, ఇప్పుడే రాసి పెట్టు, ఆరు నెలలు పోతే రోజులు కలగాపులగం అయిపోతాయి. నేను ఏప్రిల్‌లో ఆక్సిజన్ నంబర్ల కోసం ఒక రాత్రంతా ఫోన్లు చేసినా, ఇరవైకి మూడు పలికినాయి, అది గోడ క్యాలెండర్ మీద రాసుకున్నా కాబట్టి తెలుసు, లేకపోతే "చానా చేసినా" అని మాత్రమే గుర్తుండేది.

అమ్మడం సంగతి మీ అమ్మ చెప్పేది కాదు, నేను చెప్పేదీ కాదు, మీ అత్త చెప్పాల. రాసింది ఆమెకు చదివి వినిపించు, ఆమె వద్దన్న వాక్యం తీసెయ్, ఎంత బాగుండినా సరే. అంతా వద్దంటే నోట్‌బుక్కులో ఉండనీ. సరే అంటే ఎడిటర్ గారికి ముందే చెప్పు: ఫోటో ఇయ్యను, ఆస్పత్రి మీద నేను చూసినదే ఉంటాది, అనుమానాలు ఉండవు, హెడ్డింగు నాకు చూపించకుండా పెట్టొద్దు. నా చికెన్ హెడ్డింగు గుర్తుంది గదా. ఇక 2,500 గురించి తల దించుకోవద్దు, రాత పని, కూలి వచ్చింది, మీ మామ నేసిన చీరలకు కూడా కూలి తీసుకున్నాడు. ఎంతిస్తారో, ఎప్పుడిస్తారో మెయిల్‌లో రాయించుకో.

చీర సగంలో ఉండిందన్నావు. దాన్ని తర్వాత ఎవరన్నా నేసినారా, అట్లే ఉందా, నీ ఉత్తరంలో లేదు. పంపేముందు మగ్గం గుంత కాడికి పోయి చూసి రా.